పలువరుసకు లెక్క నేర్పిన ఎడ్వర్డ్ యాంగిల్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఎక్కడైనా, ఎత్తుపళ్ల పిల్లల చీటీలో పళ్ల డాక్టరు 'క్లాస్ 2' అని రాస్తే కంగారుపడకండి, అది బడి క్లాసు కాదు! ఆ లెక్క అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్‌ది. 1855లో పెన్సిల్వేనియాలో పుట్టారు. ఆరోగ్యం బాగాలేక మోంటానా వెళ్లి, గొర్రెల పెంపకంలో నష్టపోయి, మళ్లీ వృత్తిలోకి వచ్చారు. ఆరేళ్లప్పుడు వచ్చే పెద్ద దవడపళ్లు పైవీ కిందవీ ఎలా కలుస్తున్నాయో చూసి, 1899లో వంకర పలువరుసలను మూడు రకాలుగా విడదీశారు. మరుసటి ఏడాది సెయింట్ లూయిస్‌లో ఈ చికిత్సకే ఒక బడి పెట్టారు. పన్ను పీకడానికి మాత్రం ససేమిరా ఒప్పుకునేవారు కాదు. అన్ని పళ్లకూ దవడలో చోటు చేయొచ్చని ఆయన నమ్మకం. 1930లో ఆయన పోయారు. తర్వాత శిష్యుడు చార్లెస్ ట్వీడే, సరిచేసిన పళ్లు కొందరిలో నిలవక, పళ్లు తీసి మళ్లీ చికిత్స చేశారు. అందుకే నేటి డాక్టర్లు కొలతలు, ఎక్స్‌రే చూశాకే పీకాలో వద్దో చెబుతారు.