గుండె బాగుంటే ఆ నొప్పి ఎక్కడిది? కూనూరులో పుట్టిన వైద్యుడు పాల్ వుడ్ కథ

ఛాతీలో నొప్పి వస్తుంది. ఈసీజీ, రక్తపరీక్షల్లో ఏమీ తేలదు. గుండె బాగానే ఉందని డాక్టర్ చెప్పినా భయం వదలదు, నొప్పీ తగ్గదు. రాయ్‌పూర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా గుండె వైద్యులకు ఇలాంటి రోగులు కొత్త కాదు. ఈ చిక్కుముడిని విప్పినవారిలో ముఖ్యుడు పాల్ హామిల్టన్ వుడ్.

వుడ్ 1907 ఆగస్టు 16న, నాటి మద్రాస్ ప్రెసిడెన్సీలోని కూనూరులో పుట్టారు. మెల్‌బోర్న్‌లో వైద్యవిద్య చదివి, 1930లలో లండన్ చేరి గుండె వైద్యంలో స్థిరపడ్డారు.

ఆయన ఎదుర్కొన్న సమస్య అప్పటికే పాతది. అమెరికా అంతర్యుద్ధ సైనికుల్లో ఛాతీ నొప్పి, గుండెదడ, ఆయాసాన్ని గమనించిన జాకబ్ డా కోస్టా 1871లో ఆ వివరాలు ప్రచురించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో థామస్ లూయిస్ దీనికి ఎఫర్ట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే అవే లక్షణాలతో సైనికులు మళ్లీ ఆసుపత్రులకు వచ్చారు. లండన్‌లోని మిల్ హిల్ ఆసుపత్రిలో వారి కోసం ప్రత్యేక విభాగం పెట్టారు. వుడ్ అక్కడ పనిచేశారు.

1941లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఉపన్యాసాల్లో ఆయన తన నిర్ణయం ప్రకటించారు. ఈ లక్షణాలు శ్రమ వల్ల వచ్చేవాటికన్నా భయం వల్ల వచ్చేవాటికే దగ్గరగా ఉన్నాయన్నారు. రోగి నటించడం లేదు, బాధ నిజమే. కానీ తప్పు గుండెదేనన్న నమ్మకం నాటుకుపోతే, శ్రమపడితే ప్రాణం పోతుందన్న భయం పెరుగుతుంది. డాక్టర్ అనాలోచితంగా వేసే గుండెజబ్బు ముద్ర ఆ భయాన్ని మరింత బిగిస్తుంది.

అదే విభాగంలో సైకియాట్రిస్ట్ మాక్స్‌వెల్ జోన్స్ రోగులను ఒకచోట కూర్చోబెట్టి, భయపడినప్పుడు శరీరంలో ఏం జరుగుతుందో వివరించేవారు. క్రమంగా రోగులే ఒకరికొకరు ధైర్యం చెప్పుకోసాగారు. సామూహిక మానసిక చికిత్సలో అదొక మలుపు.

1950లో వుడ్ రాసిన గుండెజబ్బుల గ్రంథం ఆయనకు ప్రపంచవ్యాప్త పేరు తెచ్చింది. 1962 జులై 13న, 54 ఏళ్లకే, ఆయన గుండెపోటుతో మరణించారు.

అందుకే ఛాతీ నొప్పి వస్తే ముందు గుండె పరీక్షలే చేయించాలి. గుండె కారణం కాదని తేలాక మాత్రం మళ్లీ మళ్లీ స్కానింగ్‌ల చుట్టూ తిరగడం కన్నా భయానికి చికిత్స తీసుకోవడం మేలు. ఆలోచనల తీరును సరిదిద్దే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీతో ఓ మోస్తరు ఉపశమనం ఉంటుందని, ముఖ్యంగా తొలి 3 నెలల్లో అది కనిపిస్తుందని కాక్రేన్ సమీక్ష తేల్చింది.