ఫాదర్ మెండెల్: బఠాణీ మడి నుండి పాలకుండ దాకా

ఒకే కొట్టంలో ఒకే మేత తినే రెండు ఆవుల పాలు ఒకేలా ఉండవు. ఒకదాని పాలకు మీగడ దట్టంగా కడుతుంది. మరొకటి బిందె నిండా ఇస్తుంది గాని పాలు పలుచన. ఈ తేడాలో కొంత, ఆవు పుట్టకముందే నిర్ణయమై ఉంటుంది. ఆ లెక్కను మొదట పట్టుకున్నది ఒక కతోలిక గురువు.

యోహాన్ మెండెల్ 1822లో ఆస్ట్రియా సామ్రాజ్యంలోని ఒక పల్లెలో పుట్టారు. తండ్రి ఆంటన్ రైతు. వారానికి మూడు రోజులు ప్రభువు పొలంలో వెట్టి చేయాలి. 1838లో చెట్టు దుంగ మీదపడి ఆంటన్ పని చేయలేని స్థితికి వచ్చాడు. కొడుకు చదువు ఆగిపోయేదే. అప్పుడు చెల్లెలు తెరేసియా తన కట్నం సొమ్ములో కొంత అన్నకు ఇచ్చింది. ఆడపిల్లకు అదెంత పెద్ద మాటో మన ఇళ్లలో చెప్పనక్కరలేదు. తరువాత ఆమె ముగ్గురు కొడుకుల చదువుకు మెండెల్ గారు అండగా నిలిచారు.

1843లో బ్రున్ నగరంలోని పునీత తోమాసు మఠంలో, అగస్టీను సభలో చేరి గ్రెగొర్ అనే పేరు తీసుకున్నారు. 1847లో గురుపట్టం పొందారు. రోగుల బాధ చూసి తట్టుకోలేక తానే జబ్బుపడితే మఠాధిపతి నాప్ గారు బడిలో బోధించడానికి పంపారు. ఉపాధ్యాయ పరీక్షలో మాత్రం ఎన్నడూ నెగ్గలేదు.

ఆ ప్రాంతం ఉన్ని గొర్రెలకు పేరుపొందింది. పొట్టేలు గుణాలు పిల్లలకు ఎలా దిగుతాయని పెంపకందార్లు చర్చించేవారు. నాప్ గారు కూడా వారితో కూర్చునేవారు. మెండెల్ గారు అదే ప్రశ్నను మఠం తోటలోని బఠాణీలకు వేశారు. 1856 నుండి 1863 వరకు వేలాది మొక్కలు పెంచారు. పొడుగు, పొట్టి రకాలను కలిపితే అన్నీ పొడుగే వచ్చాయి. వాటి సంతానంలో 787 పొడుగు, 277 పొట్టి. అంటే పొట్టిగుణం చావలేదు, దాగి ఉంది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున గుణాలు జంటగా వస్తాయని ఆయన గ్రహించారు.

1865లో ఈ సంగతి సభలో చదివారు, 1866లో అచ్చయింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1868లో మఠాధిపతి అయ్యాక, 1874లో వచ్చిన మఠాల పన్ను మీద ప్రభుత్వంతో పోరాటమే సరిపోయింది. 1884 జనవరి 6న మరణించారు. 1900లో గాని లోకం ఆయన విలువ తెలుసుకోలేదు.

పాల సంగతి ఇంకా ఆలస్యం. 1955లో ఇంగ్లండులో, పాలలోని ఒక మాంసకృత్తు ఏ, బి అని రెండు రకాలుగా ఉంటుందని కనుగొన్నారు. కొన్ని ఆవుల్లో ఏ, కొన్నిటిలో బి, కొన్నిటిలో రెండూ. రెండూ ఉన్న ఆవును, రెండూ ఉన్న ఆబోతును కలిపితే సగటున నాలుగు దూడల్లో ఒకటి ఏ, ఒకటి బి, రెండు మిశ్రమం. అచ్చంగా బఠాణీ లెక్కే. బి రకం పాలు జున్నుగడ్డల తయారీకి మెరుగు. 2002లో వెన్నశాతాన్ని మార్చే ఒక జన్యువు బయటపడింది. దాని ఒక రూపం వెన్న పెంచి పాల కొలతను తగ్గిస్తుంది, రెండోది అందుకు తిరగబాటు. పాల కేంద్రంలో వెన్న చూసి ధర కట్టించుకునే రైతుకు ఇది చిన్న విషయం కాదు. నేడు అధిక ధరకు అమ్మే ఏ-2 పాల తేడా కూడా ఇలా వంశంలో వచ్చేదే గాని, దాని ఆరోగ్యఫలం గురించి చెప్పేవన్నీ రుజువైనవి కావు.

ఆబోతు పాలివ్వదు. అయినా దాని కూతుళ్ల పాలలో సగం వాటా దానిదే. అందుకే ఇప్పుడు ఆబోతును ఎంచుకునే ముందు దాని వెంట్రుకనో నెత్తుటి చుక్కనో పరీక్షకు పంపుతున్నారు.