బూడిదసంచితో వీధుల వెలిగించినవాడు: కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్

పెండ్లి ఊరేగింపులలోను, క్రిస్మసు రాత్రులందును పెట్రోమాక్సు దీపము వెలిగించుట చూడని పెద్దవారు మనలో ఉండరు. తెల్లని వలసంచి నొకదానిని దారముతో బిగించి నిప్పంటింతురు. నూలంతయు కాలిపోవును. సంచి ఆకారము మాత్రము బూడిదగా నిలిచి, పంపు కొట్టగా కొట్టగా కన్నులు మిరుమిట్లు గొలుపును. వేలు తగిలెనా, పొడియై రాలును. దీనినే మాంటిలందురు. ఇది మొదట పుట్టినది వీధిదీపములలోని గ్యాసు కొరకు. పుట్టించినవాడు కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు.

ఈతడు 1858వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన వియన్నా నగరమున జన్మించెను. తండ్రి ఆలోయిస్ ఆవర్ అచ్చటి ప్రభుత్వ ముద్రణాలయమునకు అధికారి; కుమారునికి పదునొకండేండ్లు నిండకమునుపే గతించెను. కార్ల్ వియన్నాలో కొంతకాలము చదివి, 1880లో జర్మనీదేశపు హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయమున రాబర్టు బున్సెన్ ఆచార్యునికి శిష్యుడయ్యెను. మన ప్రయోగశాల బల్లలమీది బున్సెన్ బర్నరు ఆయన పేరిటిదే. 1882లో డాక్టరు పట్టము పొంది వియన్నాకు మరలి, జీతము లేకయే ఒక ప్రయోగశాలలో పనిచేయసాగెను.

అతడు చేపట్టినది విరళమృత్తికల పరిశోధనము. ఈ మృత్తికలు కవలపిల్లలవలె ఒకదానినొకటి పోలియుండును; వానిని వేరుచేయుటకు ఒకే లవణమును మరల మరల కరగించి, మరల మరల స్ఫటికములుగా పేర్చవలెను. ఎంత ఓర్పు కావలెనో విద్యార్థులు ఊహింపవచ్చును. అంతవరకు ఒకే మూలద్రవ్యమని అందరు తలచిన డిడీమియమును అతడు 1885లో రెండుగా విడదీసెను. ఒకదాని లవణములు పచ్చనివి, రెండవదానివి గులాబివన్నెవి. అవియే ప్రేసియోడిమియము, నియోడిమియము.

ఆ కాలమున యూరపు నగరముల వీధులలో బొగ్గు గ్యాసు దీపములుండెడివి. ఇనుప స్తంభముపై అద్దాలపెట్టె, అందులో పచ్చని మంట. మంటలో కాలుచున్న మసిరేణువులే వెలుగునిచ్చెడివి గనుక గ్యాసు మెండుగా ఖర్చయ్యెడిది, వెలుగు కొంచెము. 1879లో ఎడిసను తన విద్యుద్దీపమును చూపగానే గ్యాసు కంపెనీలవారికి దిగులు పట్టుకొనెను. ఆవర్ వేరొక దారి తలచెను. బున్సెన్ బర్నరు మంటకు వెలుగు లేదు, వేడి మాత్రము మిక్కుటము. ఆ వేడికి మృత్తికలు తెల్లగా ప్రకాశించును. కావున గురువుగారి మంటలో తన మృత్తికలను నిలిపినచో? లవణద్రావణములో నూలువలను ముంచి, ఆరబెట్టి, కాల్చెను. మృత్తికల ఎముకలగూడు మిగిలెను.

1885లో దీనికి పేటెంటు పొంది, 1887లో ఆట్స్‌గెర్స్‌డార్ఫులో కర్మాగారము పెట్టిరి. కాని ఆ మాంటిళ్ల వెలుగు పచ్చదాళుగా నుండెడిది. అవి తొందరగా విరిగిపోయెడివి. కొనువారు లేక 1889లో కర్మాగారము మూతపడెను. మరియొకడైనచో అంతటితో చాలించుకొనియుండును. ఈతడు మరల ప్రయోగశాల చేరెను.

అచ్చట వింత యొకటి కనబడెను. థోరియము భస్మమును శుద్ధిచేసినకొలది దాని వెలుగు తగ్గుచుండెను! అనగా వెలుగునకు కారణము థోరియము కాదు, దానిలో దాగిన కొంచెపు మలినము. ఆ మలినము సీరియము. తొంబదితొమ్మిది పాళ్లు థోరియము, ఒక పాలు సీరియము కలిపిననే మంచి తెల్లని వెలుగు. సీరియము హెచ్చినను తగ్గినను మందగించును. 1891 నవంబరు 4వ తేదీన వియన్నాలో ఒక కాఫీశాల వాకిట ఆ దీపములు వెలిగెను.

మూలద్రవ్యములను కనుగొనుటయే ఆవర్ ఘనతయని శాస్త్రజ్ఞులందురు. నాకు మాత్రము ఈ వీధిపనియే మిన్నగా తోచును. స్తంభములను పెరుకలేదు, నేలలోని గొట్టములను త్రవ్వలేదు. అద్దాలపెట్టెలోని పాత బర్నరు తీసి, క్రొత్త బర్నరును మాంటిలును అమర్చిరి. అంతమాత్రమున అదే గ్యాసు కొన్నిరెట్లు వెలుగునిచ్చెను. నేడును లండను, బెర్లిను నగరములలో కొన్ని వీధులందు ఇట్టి దీపములున్నవి. తీసివేసిన పాతదీపములను కొని, త్రుప్పు గీకి, అద్దములు మార్చి, మాంటిలు చోట విద్యుద్దీపమును అమర్చుకొను అభిరుచిగలవారు కలరు. వారు చేయుచున్నది ఆవర్ చేసినపనియే.

థోరియము మోనజైటను ఇసుకనుండి లభించును. తొలుత అది బ్రెజిలునుండి వచ్చెడిది. 1909లో తిరువాన్కూరు తీరమున మనవాళకురిచ్చిలో షోంబర్గను జర్మనుడు దానిని కనుగొనెను. మన భీమునిపట్నపు ఇసుకలోను మోనజైటు కలదు. థోరియము కొంచెము రేడియోధార్మికము గనుక, తరువాతి కాలమున చాల మాంటిళ్లలో దానికి బదులు ఇట్రియమును వాడసాగిరి.

మోనజైటునుండి థోరియము తీయగా సీరియము కుప్పలుగా మిగిలెడిది. ఆవర్ దానిని ఇనుముతో కలిపి, గీసిన నిప్పురాల్చు లోహమును చేసి 1903లో పేటెంటు పొందెను. సిగరెట్టు లైటరులోని చకుముకిరాయి యదియే. తన గ్యాసుదీపమునకు పోటీయగు విద్యుద్దీపమునకు సైతము ఆస్మియము తీగనమర్చినవాడు ఆతడే!

1929 ఆగస్టు 4వ తేదీన కారింథియాలోని తన భవనమున ఆవర్ మరణించెను. ఆ నాటి రాత్రియు యూరపు వీధులలో అతని బూడిదసంచులు వెలుగుచునేయుండెను.