కాంతిని ఔషధంగా మలచిన ఫిన్సెన్

డెన్మార్క్ వైద్యుడు నీల్స్ రైబెర్గ్ ఫిన్సెన్ జీవించింది 43 ఏళ్లే. అందులో దాదాపు 20 ఏళ్లు కాలేయాన్ని, గుండెను కుంగదీసిన వ్యాధితోనే గడిచాయి. ఆ స్థితిలోనే ఆయన కాంతిని ఔషధంగా మలిచారు.

1860 డిసెంబర్ 15న ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో ఫిన్సెన్ జన్మించారు. 1890లో కోపెన్‌హాగన్‌లో వైద్య పట్టా పొందారు. ఆయన ఇల్లు ఉత్తరముఖం. ఎండ పొడ తక్కువ. రక్తహీనతతో నీరసించిన తనకు సూర్యరశ్మి మేలు చేస్తుందేమోనన్న ఊహే ఆయనను పరిశోధనకు పురికొల్పింది.

ఆ రోజుల్లో చర్మక్షయ ముక్కును, చెంపలను తినివేసి ముఖాన్ని వికృతం చేసేది. రోగులు నలుగురిలోకి రావడానికే వెనుకాడేవారు. 1895లో ఫిన్సెన్ ఆర్క్ దీపపు కాంతిని కటకాలతో కేంద్రీకరించి అటువంటి రోగికి చికిత్స ప్రారంభించారు. వేడికి చర్మం కాలకుండా కాంతిని నీటి గుండా ప్రసరింపజేశారు. మరో అవరోధం రక్తమే. అది కాంతిని పీల్చుకుని లోతుకు పోనివ్వదు. చెవి తమ్మె వెనుక ఫొటో కాగితం ఉంచి ఆయన ఈ సంగతి గ్రహించారు. తమ్మెను నొక్కి రక్తాన్ని తొలగిస్తే కాగితం త్వరగా నల్లబడింది. అందుకే చికిత్స వేళ క్వార్ట్జ్ కటకంతో చర్మాన్ని అదిమిపట్టేవారు.

1896లో కోపెన్‌హాగన్‌లో ఆయన పేరిట వైద్య సంస్థ వెలసింది. కొద్ది ఏళ్లలోనే 800 మందికి పైగా చర్మక్షయ రోగులు అక్కడ చికిత్స పొందారు. అత్యధికులకు స్వస్థత చేకూరింది. 1903లో నోబెల్ బహుమతి లభించినా, దానిని అందుకునేందుకు ప్రయాణించే ఓపిక ఆయనకు లేకపోయింది. ఆ సొమ్ములో కొంత తన సంస్థకే ఇచ్చారు. 1904 సెప్టెంబర్ 24న కన్నుమూశారు.

క్షయకు మందులు వచ్చాక ఫిన్సెన్ దీపాలు మూలపడ్డాయి. 1960లో లేజర్ ఆవిర్భవించడంతో కాంతి చికిత్స మరో రూపు దాల్చింది. ఫిన్సెన్‌కు అడ్డుపడిన రక్తమే ఇప్పుడు వైద్యుల గురి. పుట్టుకతో వచ్చే ఎర్రమచ్చలపై పసుపు లేజర్ కాంతిని క్షణకాలం ప్రసరింపజేస్తే, రక్తంలోని హిమోగ్లోబిన్ దానిని గ్రహించి వేడెక్కుతుంది. మచ్చకు కారణమైన రక్తనాళాలు మూసుకుపోతాయి, చుట్టూ ఉన్న చర్మం చాలావరకు క్షేమంగా ఉంటుంది. శస్త్రచికిత్సలో వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్ కాంతిని కణాల్లోని నీరు గ్రహిస్తుంది. ఆ వేడికి కణజాలం ఆవిరై తెగుతుంది. ఏ కాంతిని శరీరంలో ఏది పీల్చుకుంటుందో తెలిస్తేనే చికిత్స ఫలిస్తుంది. ఆ ప్రశ్నకు ఫిన్సెన్ ఒక చెవి తమ్మె దగ్గర సమాధానం వెతికారు.