మూర నికొలాసు బిషప్పు, ఆయన ప్రక్కన చేరిన బెత్తము

అపొస్తలుల కార్యముల గ్రంథము 27వ అధ్యాయములో పౌలు ఖైదీగా రోమాకు పోవుచు లుకియలోని మూర పట్టణమున ఓడ మారినట్లు చదువుతాము. ఆ పేరు దగ్గర మనలో ఆగేవారు తక్కువ. అది జరిగిన రమారమి 250 సంవత్సరములకు అదే మూరలో నికొలాసు అనే దైవజనుడు బిషప్పుగా ఉన్నారు. ఈనాడు ఎర్ర అంగీ, తెల్ల గడ్డము, భుజాన మూటతో మన క్యారల్స్ బృందముల వెంట ఇంటింటికి తిరిగే క్రిస్మస్ తాతకు మూలపురుషుడు ఈయనే.

ఈయనను గూర్చి చరిత్రకు తెలిసినది బహు స్వల్పము. ఈయన వ్రాసిన ఉత్తరము గాని, చేసిన ప్రసంగము గాని ఒక్కటైనను మిగలలేదు. మనకు దొరికిన పెద్ద జీవిత చరిత్రలన్నీ ఆయన పోయిన కొన్ని వందల ఏండ్లకు వ్రాసినవి. వాటిలో ఆరవ శతాబ్దమునకు చెందిన మరొక నికొలాసు సంగతులు కూడ కలిసిపోయాయి. పతర రేవులో ధనవంతుల ఇంట పుట్టారని, చిన్ననాటనే తల్లిదండ్రులను పోగొట్టుకొన్నారని, డయోక్లీషియను చక్రవర్తి 303లో మొదలుపెట్టిన హింసలలో చెరసాలలో ఉన్నారని, 343 ప్రాంతమున డిసెంబరు 6న ప్రభువునందు నిద్రించారని సంప్రదాయము. 325 నాటి నికయ మహాసభలో అరియసును చెంపమీద కొట్టారనే కథను వేదాంత కళాశాల విద్యార్థులు నేటికీ నవ్వుతూ చెప్పుకొంటారు. అది దాదాపు వెయ్యేండ్ల తరువాత పుట్టిన కథ. ఆ సభకు హాజరైనవారి పట్టీలలో కొన్నింట ఆయన పేరున్నది, కొన్నింట లేదు.

అయితే రెండు కథలను సంఘము తొలినుండి గట్టిగా పట్టుకొన్నది. మొదటిది ముగ్గురు కుమార్తెల కథ. ఒకప్పుడు బాగా బ్రతికిన ఒక గృహస్థుడు ఆస్తి పోగొట్టుకొని, కట్నమిచ్చే శక్తి లేక, కుమార్తెలను వేశ్యావృత్తికి అమ్మివేయ నిశ్చయించాడు. నికొలాసు ఈ సంగతి విని, ఒక రాత్రి చీకటిలో వెళ్లి, కిటికీ గుండా బంగారు నాణెముల సంచి లోపల పడవేసి వచ్చారు. పెద్దపిల్లకు పెండ్లి జరిగింది. మరొక రాత్రి రెండవ సంచి, రెండవ పెండ్లి. మూడవసారి ఆ తండ్రి నిద్రపోకుండ కనిపెట్టి, వెంటపడి పట్టుకొని పాదములపై పడ్డాడు. తాను బ్రతికియున్నంత కాలము ఈ మాట ఎవరికీ చెప్పవద్దని నికొలాసు అతనిచేత ఒట్టు వేయించుకొన్నారు.

పాశ్చాత్యులకు ఈ కథలో కట్నమంటే ఏమిటో వివరించవలసి వస్తుందేమో. మనకు ఆ అవసరము లేదు. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చిన తరువాత కూడ, బల్లారాధనలో పాలుపొందే కుటుంబములలోనే ఆడపిల్ల పెండ్లికి పొలము అమ్ముకొన్న తండ్రులున్నారు. కనుక ఈ కథలో ఒక సంగతి గమనించదగినది. నికొలాసు ఆ పిల్లలు బుద్ధిమంతులా కాదా అని అడగలేదు. ఆ తండ్రి తలపెట్టినది ఘోరపాపము. అతడు మారుమనస్సు పొందేదాక ఆగుదామని కూడ అనుకొనలేదు. సంచి పడవేసి వెళ్లిపోయారు.

రెండవది ఇంకను ప్రాచీనమైనది. లంచము తీసుకొన్న ఒక అధిపతి ముగ్గురు నిరపరాధులకు మరణశిక్ష విధించాడు. కబురు తెలిసి బిషప్పు వధ్యస్థలమునకు పరుగున వెళ్లేసరికి వారి ముఖములకు గుడ్డలు కట్టియున్నవి. తలారి ఎత్తిన కత్తిని ఆయన లాగి క్రింద పారవేశారు. తరువాత ఆ అధిపతి ఇంటికే వెళ్లి నిలదీశారు.

ఇట్టి మనిషి పేరుతో పండుగ వస్తే ఎట్లుండవలెను? వచ్చినది వేరు.

ముందుగా ఆయన ఎముకలే దొంగతనమునకు గురి అయినవి. 1087లో ఇటలీలోని బారి పట్టణపు నావికులు మూరకు వచ్చి, కావలియున్న సన్యాసులను ప్రక్కకు నెట్టి, సమాధి పగులగొట్టి ఎముకలు ఎత్తుకొని పోయారు. మే 9న అవి బారి చేరినవి. ఆ దొంగతనమును ఆ పట్టణమువారు ఏటేటా పండుగగా జరుపుకొంటున్నారు! యాత్రికులు వస్తే పట్టణమునకు పేరు, పేరుతోపాటు డబ్బు. మిగిలిన ముక్కలను కొంతకాలమునకు వెనిసువారు పట్టుకొని పోయారు.

తరువాత పడమటి దేశములలో ఒక భయంకరమైన కథ పుట్టింది. ఒక కసాయివాడు ముగ్గురు పిల్లలను చంపి ఉప్పునీళ్ల తొట్టిలో ఊరవేశాడని, నికొలాసు వచ్చి వారిని బ్రతికించారని. ఈ కథవల్లనే ఆయన పిల్లల భక్తుడైనారు. ఫ్రాన్సు తూర్పు ప్రాంతములలో ఆ కసాయివాడే కొరడా పట్టుకొని ఆయన వెంట నడిచే బంటుగా మారాడు. ఆస్ట్రియా, బవేరియా కొండప్రాంతములలో ఆ స్థానమున క్రాంపుస్ అనే కొమ్ముల దయ్యమున్నది. డిసెంబరు 5 రాత్రి గొలుసులు మ్రోగించుకొంటూ, బెత్తముల కట్టతో, వీపున బుట్టతో వీధులలో తిరుగుతుంది. బిషప్పు వేషము వేసినవారు పిల్లలచేత ప్రార్థనలు అప్పజెప్పించుకొంటారు. అప్పజెప్పినవారికి పండ్లు, మిఠాయిలు. లేనివారు బుట్టలోనికి పోతారని బెదిరింపు. ఇది క్రీస్తు పూర్వపు అన్యాచారముల శేషమని చాలామంది వ్రాస్తారు, కాని దానికి గట్టి ఆధారము తక్కువ. తప్పును అన్యులమీదికి నెట్టివేయుట సులువు. ఆ దయ్యమును బిషప్పు ప్రక్కన నడవనిచ్చినవి మాత్రము బాప్తిస్మము పొందిన గ్రామములే.

హాలెండులో ప్రక్కనున్నది దయ్యము కాదు, మనిషి. 1850లో ఆమ్‌స్టర్‌డామ్ ఉపాధ్యాయుడు యాన్ షెంక్‌మన్ వ్రాసిన బొమ్మల పుస్తకములో నికొలాసుకు ఒక నల్లజాతి సేవకుడున్నాడు. ఆ సేవకునికి తరువాత నల్ల పీట్ అనే పేరు స్థిరపడింది. అప్పటికి డచ్చి వలస సురినాములో బానిసత్వము ఇంకను రద్దు కాలేదు, 1863లో అయింది. పీట్ వేషమునకు తెల్లవారు ముఖమునకు నల్లరంగు, పెదవులకు ఎర్రరంగు పూసుకొనేవారు. ఈ విషయము మన తీరమునకు దూరపుది కాదు. 17వ శతాబ్దములో కరవులు వచ్చినప్పుడు పులికాట్ మొదలైన కోరమాండల్ రేవులనుండి అమ్ముడుపోయిన మనుష్యులను డచ్చి కంపెనీ ఓడలలో బతావియాకు తరలించింది. ఆకలికి తాళలేక బిడ్డలను అమ్ముకొన్నవారు అందులో ఉన్నారు. పిల్లల అమ్మకమును ఆపిన బిషప్పు ప్రక్కన బానిసను నిలబెట్టుట ఎంత విపరీతము! 2015లో ఐక్యరాజ్య సమితికి చెందిన జాతివివక్ష నిర్మూలన సంఘము ఈ వేషమును మార్చవలెనని హాలెండును కోరింది. ఎన్నో గొడవల తరువాత పలు పట్టణములలో నల్లరంగు మానివేశారు.

సంఘ సంస్కరణ కాలములో లూథరు అనుచరులు కానుకలిచ్చే పనిని నికొలాసునుండి తీసి క్రీస్తు శిశువుకు అప్పగించారు. ఇంగ్లండులో ప్యూరిటనుల పార్లమెంటు 1647లో క్రిస్మసు పండుగనే రద్దు చేసింది. మసాచుసెట్స్ వలసలో 1659నుండి 1681వరకు ఆ పండుగ జరిపినవారికి ఐదు షిల్లింగుల జరిమానా. త్రాగుడు, జూదము, గుంపులుగా ఇండ్లమీద పడి అడుక్కొనుట చూచి విసిగినవారు వారు. వారి కోపమునకు కారణమున్నది గాని, చట్టము పండుగను చంపలేకపోయింది.

న్యూయార్కుకు పోయిన డచ్చివారి సింటర్‌క్లాస్ అక్కడ శాంటాక్లాస్ అయినాడు. 1823లో అచ్చయిన ఒక పద్యము, 1863నుండి థామస్ నాస్ట్ గీసిన బొమ్మలు, 1931నుండి కోకా కోలా ప్రకటనలు ఆయనకు నేటి రూపమిచ్చినవి. కిరీటము పోయింది, దండము పోయింది. మంచి పిల్లలెవరు, చెడ్డ పిల్లలెవరు అనే పట్టీ మాత్రము పోలేదు. 1951 డిసెంబరు 23న ఫ్రాన్సులోని దిజోను పట్టణమున కథీడ్రలు ముంగిట, సండేస్కూలు పిల్లలు చూస్తుండగా, క్రిస్మస్ తాత బొమ్మను ఉరితీసి కాల్చారు. గురువుల అనుమతితోనే ఇది జరిగింది. పండుగను అన్యమతము చేస్తున్నాడని నేరారోపణ. బెత్తమునకు విరుగుడుగా నిప్పు చూపినట్లున్నది ఆ పని.

మన సండేస్కూళ్లలో క్రాంపుస్ లేడు. కాని హాజరుపట్టీ చూచి బహుమతులు పంచే అలవాటున్నది. వరికోతలకు తల్లితో వెళ్లి నాలుగు ఆదివారములు తప్పిన పిల్ల చేతులు ముడుచుకొని వెనుక వరుసలో కూర్చుంటుంది. తాత ముసుగు చూచి జడిసి ఏడ్చే పసివారిని చూచి నవ్వుకొనుట కూడ మన ఆచారమే.

మూర ఇప్పుడు టర్కీ దేశములో దెమ్రె అనే ఊరు. పాత దేవాలయమును త్రవ్వి తీసి మ్యూజియముగా ఉంచారు. 2000లో రష్యావారు బిషప్పు వస్త్రములలోనున్న నికొలాసు కంచు విగ్రహమును ఆ ఊరికి బహూకరించగా మైదానములో నిలిపారు. 2005లో యాత్రికులు గుర్తుపట్టుటకని పురపాలకులు దానిని తీసి, ఆ స్థానమున ఎర్ర అంగీ తొడిగిన ప్లాస్టికు తాతను పెట్టారు. రష్యావారు అభ్యంతరము చెప్పారు. కంచు బిషప్పును దేవాలయము ప్రక్కన ఒక మూలకు చేర్చారు.