ఇంకు మరకలతో మనసును పరీక్షించిన డాక్టర్.. పుస్తకం వచ్చిన ఏడాదిలోపే మృతి.. ఎవరీ రోర్షాక్?

ఫోన్ ఓపెన్ చేస్తే చాలు.. ఈ ఫొటోలో మీకు మొదట ఏం కనిపించింది? దాన్ని బట్టి మీరెలాంటి వారో చెప్పేస్తాం అంటూ టెస్టులు వచ్చేస్తుంటాయి. చెట్టు కనిపిస్తే ఒక గుణం, ముఖం కనిపిస్తే ఇంకో గుణం. అర నిమిషంలో రిజల్ట్ చేతిలో ఉంటుంది. సరదాకి ఓకే. కానీ బొమ్మ చూపించి మనిషి మనసు తెలుసుకోవాలన్న ఆలోచనకు ప్రపంచమంతా పేరు తెచ్చిన డాక్టర్ మాత్రం అలా చెప్పలేదు. ఏం కనిపించింది అన్నదాని కంటే ఎలా చూశారు అన్నదే ముఖ్యం అన్నది ఆయన లెక్క. ఆయన పేరు హెర్మన్ రోర్షాక్. స్విట్జర్లాండ్‌కు చెందిన సైకియాట్రిస్ట్. బతికింది 37 ఏళ్లే. తన టెస్టు ఎంత ఫేమస్ అయిందో చూడకుండానే వెళ్లిపోయారు. ఆ తర్వాత దాన్ని ఎవరెవరు ఎలా వాడారన్నదే అసలు కథ.

పన్నెండేళ్లకు తల్లి.. పద్దెనిమిదేళ్లకు తండ్రి

రోర్షాక్ 1884 నవంబర్ 8న జ్యూరిచ్‌లో పుట్టారు. పెరిగింది మాత్రం రైన్ నది ఒడ్డున ఉన్న షాఫ్‌హౌసెన్ అనే చిన్న పట్టణంలో. తండ్రి ఉల్రిచ్ డ్రాయింగ్ మాస్టారు. ఇంట్లో ఎప్పుడూ రంగులు, కుంచెలు, కాగితాలే. హెర్మన్‌కు కూడా చిన్నప్పుడే బొమ్మలు గీయడం అబ్బింది.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. 1897లో తల్లి చనిపోయింది. అప్పటికి హెర్మన్‌కు పన్నెండేళ్లు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నారు. 1903లో ఆయన కూడా పోయారు. పద్దెనిమిదేళ్ల వయసులో ఇంటికి పెద్దకొడుకుగా మిగిలింది హెర్మనే. చేతిలో డబ్బులు అంతంత మాత్రం.

స్కూల్లో ఫ్రెండ్స్ ఆయనకు క్లెక్స్ అని ముద్దుపేరు పెట్టారు. జర్మన్ భాషలో ఆ మాటకు ఇంకు మరక అని అర్థం. అప్పట్లో యూరప్ పిల్లలకు ఇదొక ఆట. కాగితం మీద ఇంకు చుక్క వేసి, మధ్యకు మడిచి, విప్పి చూస్తే రెండు వైపులా ఒకేలా ఉండే వింత ఆకారం వస్తుంది. అందులో ఏముందో ఒకరికొకరు చెప్పుకొని నవ్వుకోవడం. ఆ ముద్దుపేరే తర్వాత ఆయన జీవితం అవుతుందని అప్పుడు ఎవరనుకుంటారు!

ఆ ఒక్క కలతో..

బొమ్మలంటే ప్రాణం ఉన్నా హెర్మన్ మెడిసిన్‌లో చేరారు. చదువులో ఎక్కువ భాగం జ్యూరిచ్‌లోనే సాగింది. ఆ రోజుల్లో మానసిక వైద్యంలో జ్యూరిచ్ పెద్ద సెంటర్. అక్కడి బుర్గ్‌హోల్జ్‌లి ఆస్పత్రికి డైరెక్టర్ ఆయిగెన్ బ్లాయిలర్. స్కిజోఫ్రెనియా అనే పేరు పెట్టింది ఈయనే. కార్ల్ యుంగ్ కూడా అక్కడే పనిచేశారు. మాట చెప్పి, దానికి వెంటనే ఏ మాట తడుతుందో అడిగే పరీక్షతో యుంగ్ అప్పటికే పేషెంట్ల మనసును వెతుకుతున్నారు.

చదువుకునే రోజుల్లోనే రోర్షాక్‌కు ఓ విచిత్ర అనుభవం ఎదురైంది. తొలిసారి పోస్ట్‌మార్టం చూశారు. మెదడును పొరలు పొరలుగా కోస్తుంటే కళ్లార్పకుండా చూశారు. ఆ తర్వాత ఓ రాత్రి కల వచ్చింది. కలలో కోస్తున్నది ఆయన మెదడునే. ఆ కోత తనకు స్పష్టంగా తెలిసినట్టే అనిపించింది. జరగని దాన్ని ఒళ్లు ఎలా అనుభవించింది? కంటితో చూసినది శరీరానికి స్పర్శగా ఎలా మారింది? ఈ ప్రశ్న ఆయన్ను వదల్లేదు. 1912లో బ్లాయిలర్ గైడెన్స్‌లో ఇచ్చిన డాక్టరేట్ థీసిస్‌కు ఇదే సబ్జెక్ట్. చూడటం అంటే కళ్లు చేసే పని మాత్రమే కాదు, మనిషి మొత్తం అందులో ఉంటాడన్న నమ్మకం అక్కడే మొదలైంది.

రష్యా అమ్మాయితో పెళ్లి.. ఆస్పత్రిలో కోతి

జ్యూరిచ్‌లో అప్పట్లో రష్యా నుంచి వచ్చి మెడిసిన్ చదివే అమ్మాయిలు చాలామంది ఉండేవారు. వాళ్లలో ఒకరు ఓల్గా ష్టెంపెలిన్. 1910లో ఇద్దరికీ పెళ్లయింది. భార్య కోసమే కాదు, రష్యా అంటే సొంత ఇష్టంతో కూడా ఆయన ఆ భాష నేర్చుకున్నారు. 1913 చివర్లో మాస్కో దగ్గర ఓ ప్రైవేట్ శానిటోరియంలో ఉద్యోగానికీ వెళ్లారు. కానీ ఎక్కువ కాలం ఉండలేకపోయారు. 1914లో తిరిగి స్విట్జర్లాండ్ వచ్చేశారు. తర్వాత ఓల్గా కూడా వచ్చేసింది.

రష్యా వెళ్లకముందు కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున మున్‌స్టర్‌లింగెన్ మానసిక ఆస్పత్రిలో పనిచేశారు. అక్కడ ఓ కోతిని పెంచారు. పేరు ఫిప్స్. దాన్ని వార్డుల్లోకి తీసుకెళ్తే ఎవరితోనూ మాట్లాడని పేషెంట్లు కూడా స్పందిస్తారేమోనన్నది ఆయన ఆశ. అప్పటికి ఈ జబ్బులకు సరైన మందులే లేవు. మనసు జబ్బులకు నేడు వాడే మందులు ఎక్కువగా వచ్చింది 1950ల నుంచే. అందుకే పేషెంట్‌ను ఎలా కదిలించాలి, లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుసుకోవాలి అన్నదే డాక్టర్లకు పెద్ద సమస్య.

1911లో స్కూల్ టీచరైన తన ఫ్రెండ్ కొన్రాడ్ గేరింగ్‌తో కలిసి మొదటిసారి ఇంకు మరకలు బయటకు తీశారు. స్కూల్ పిల్లలకు, పేషెంట్లకు చూపించారు. కొన్నాళ్లు చేసి పక్కన పెట్టేశారు.

హెరిసావులో ఏం జరిగిందంటే..

1915లో హెరిసావు పట్టణంలోని మానసిక ఆస్పత్రికి వెళ్లారు. జీవితంలో మిగిలిన ఏడేళ్లూ అక్కడే. డాక్టర్లు తక్కువ, పేషెంట్లు ఎక్కువ. ఆ ఒత్తిడిలోనూ పేషెంట్లతో నాటకాలు వేయించేవారు. అట్టతో కీళ్లు కదిలే నీడబొమ్మలు చేశారు. మన తోలుబొమ్మలాటలాగే వెలుగుకు అడ్డంగా పెట్టి ఆడించే బొమ్మలివి. 1917లో కూతురు లీసా, 1919లో కొడుకు వాడిమ్ పుట్టారు.

1917లోనే జ్యూరిచ్‌లో షిమోన్ హెన్స్ అనే మెడికల్ స్టూడెంట్ ఇంకు మరకల మీద థీసిస్ ఇచ్చారు. 8 మరకలు, 1000 మంది పిల్లలు, 100 మంది పెద్దలు, 100 మంది మానసిక రోగులు. మరకలో ఏమేం కనిపించాయి, ఊహాశక్తి ఎంత అన్నదే హెన్స్ చూసింది. అంతకుముందు ఫ్రాన్స్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే కూడా మరకలతో ఊహాశక్తినే కొలవొచ్చనుకున్నారు.

రోర్షాక్ ఇక్కడే దారి మార్చారు. 1918 నుంచి సొంతంగా మరకలు తయారు చేయడం మొదలుపెట్టారు. ఆర్టిస్ట్ చెయ్యి కదా, ఇంకు ఎలా పడితే అలా వదిలేయలేదు. సహజంగా పడిన మరకలాగే ఉండాలి, కానీ ఏదో ఉన్నట్టు కూడా అనిపించాలి. అలా మళ్లీ మళ్లీ గీసి సరిచేసుకున్నారు.

ఒక్కో కార్డు చేతికిచ్చి ఇదేమై ఉండొచ్చో చెప్పమనేవారు. జవాబులో ఆయన చూసింది వేరు. మరక మొత్తం చూసి చెప్పారా, ఓ ముక్క పట్టుకుని చెప్పారా? ఆకారం చూసి చెప్పారా, రంగు చూసి చెప్పారా? కదలని మరకలో మనుషులు కదులుతున్నట్టు చూశారా? చెప్పింది అక్కడున్న ఆకారానికి నిజంగా సరిపోతుందా? వీటికి ఒక్కో కోడ్ ఇచ్చి లెక్కకట్టేవారు. ఒకరికి సీతాకోకచిలుక, ఇంకొకరికి గబ్బిలం కనిపిస్తే అందులో పెద్ద విషయం లేదు. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లు చూసే తీరుకు, లేనివాళ్లు చూసే తీరుకు తేడా తెలుస్తుందా అన్నదే ఆయనకు కావాల్సింది. మొత్తం 405 మందిపై చేసిన పరీక్షల మీద ఆయన పుస్తకం నిలబడింది. వీరిలో 117 మంది ఏ జబ్బూ లేనివారు.

పబ్లిషర్లు వద్దన్నారు.. ప్రింటింగ్‌లో మరకలే మారిపోయాయి

పుస్తకం రాయడం ఒక ఎత్తు, అచ్చు వేయించడం ఇంకో ఎత్తు. రంగుల కార్డులంటే ఖర్చు. చాలామంది పబ్లిషర్లు ముందుకు రాలేదు. చివరకు ఫ్రెండ్ వాల్టర్ మోర్గెన్‌థాలర్ సాయంతో బెర్న్‌లోని ఎర్నెస్ట్ బిర్షర్ సంస్థ ఒప్పుకుంది. అదీ కండిషన్ మీదే.. కార్డులు తగ్గించాలి. అలా మిగిలినవే నేడు ప్రపంచమంతా వాడే 10 కార్డులు. ఐదు నలుపు, రెండింటిలో నలుపుతో పాటు ఎరుపు, మూడు పూర్తి రంగులవి.

ప్రింటింగ్‌లో ఇంకో తలనొప్పి. కార్డుల సైజు తగ్గింది. ఆయన గీసినప్పుడు నలుపు ఒకేలా ఉంటే, అచ్చులో అక్కడక్కడా ముదురు, లేత ఛాయలు వచ్చేశాయి. ఇంకొకరైతే కాగితాలు విసిరికొట్టేవారే. రోర్షాక్ మాత్రం ఆ ఛాయలు కూడా పనికొస్తాయని గమనించారు. అచ్చు తప్పు కాస్తా టెస్టులో భాగమైపోయింది.

1921 జూన్‌లో సైకోడయాగ్నోస్టిక్ పేరుతో పుస్తకం వచ్చింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. జర్మనీలో పేరున్న సైకాలజిస్ట్ విలియం స్టెర్న్ లాంటివాళ్లు ఒక్క టెస్టుతో మనిషిని అంచనా వేయలేమని విమర్శించారు. రోర్షాక్ కూడా పని పూర్తయిందని అనుకోలేదు. తన పద్ధతికి ఇంకా సరైన సిద్ధాంతం లేదని, చాలామందిపై పరీక్షించి చూడాలని పుస్తకంలోనే ఒప్పుకున్నారు.

ఆ టైమ్ ఆయనకు దొరకలేదు. 1922 మార్చి చివర్లో కడుపునొప్పి మొదలైంది. దాదాపు వారం రోజులు అలాగే గడిచింది. అసలు విషయం అపెండిక్స్. అది పగిలి ఇన్‌ఫెక్షన్ కడుపంతా పాకింది. పెన్సిలిన్ కనిపెట్టడానికి ఇంకా ఆరేళ్లు ఉంది. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లే అయినా ప్రాణం దక్కలేదు. ఏప్రిల్ 2న హెరిసావులో రోర్షాక్ కన్నుమూశారు. కూతురికి ఐదేళ్లు, కొడుక్కి మూడేళ్లు కూడా నిండలేదు.

ఆయన పోయాక టెస్టు ఎక్కడికో వెళ్లిపోయింది

పబ్లిషర్ దివాలా తీశాడు. 1927లో హాన్స్ హ్యూబర్ సంస్థ పుస్తకాన్ని, కార్డులను తీసుకుంది. అప్పటికే కార్డులు అమెరికా చేరాయి. అక్కడ శామ్యూల్ బెక్ ఒక రకంగా, బ్రూనో క్లోప్‌ఫర్ ఇంకో రకంగా నేర్పించారు. ఇద్దరికీ అస్సలు పడేది కాదు. ఏది కరెక్టో చెప్పడానికి అసలు మనిషి లేడు. జబ్బు గుర్తించడానికి మొదలైన టెస్టు మెల్లగా మనసు లోతుల్ని ఎక్స్‌రే తీసే యంత్రమన్నంత పేరు తెచ్చుకుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్ జైల్లో ఉన్న నాజీ నేతలకు కూడా ఈ కార్డులు చూపించారు. అమెరికా సైకియాట్రిస్ట్ డగ్లస్ కెల్లీ, సైకాలజిస్ట్ గుస్తావ్ గిల్బర్ట్ ఈ పని చేశారు. రాక్షసుల మనసు ఎలా ఉంటుందో తేలిపోతుందని అంతా అనుకున్నారు. తేలింది ఏంటంటే.. ఆ ఇద్దరి మధ్యే గొడవ. మామూలు మనుషులేనని ఒకరు, కాదని ఇంకొకరు. తర్వాత 1976లో మోలీ హారోవర్ పేర్లు చెప్పకుండా ఆ జవాబులను నిపుణుల ముందు పెడితే, ఏవి నాజీలవో వాళ్లు గుర్తుపట్టలేకపోయారు.

1974లో జాన్ ఎక్స్‌నర్ అందరి పద్ధతులనూ కలిపి ఒకే విధానం తెచ్చారు. కోర్టుల్లో, పిల్లల కస్టడీ కేసుల్లో కూడా టెస్టు రిజల్ట్ మాటకు విలువొచ్చింది. ఓ తల్లి దగ్గర బిడ్డ ఉండాలా వద్దా అన్నది కార్డులో కనిపించిన దాన్ని బట్టి కూడా నడిచిందంటే ఊహించుకోవచ్చు. అయితే మామూలు మనుషులు ఇచ్చే జవాబుల లెక్కగా ఎక్స్‌నర్ చూపించిన 700 మందిలో 221 మంది రికార్డులు రెండుసార్లు లెక్కలోకి వచ్చాయని 1999లో బయటపడింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కూడా ఈ లెక్కలు జబ్బుమనుషుల్లా చూపిస్తున్నాయని స్కాట్ లిలియన్‌ఫెల్డ్, జేమ్స్ వుడ్ లాంటి విమర్శకులు గట్టిగా వాదించారు.

చివరకు తేలిందేంటి?

2013లో ఓ పెద్ద సమీక్ష వచ్చింది. జోనీ మిహురా బృందం 65 కొలతలపై అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ ముందేసుకుని చూసింది. కొన్ని నిలబడ్డాయి. చాలావాటికి సరైన ఆధారాలు దొరకలేదు. బలంగా నిలిచినవాటిలో ముఖ్యమైనవి ఏవంటే.. ఆలోచన చెదిరిపోవడాన్ని, ఉన్న ఆకారాన్ని సరిగ్గా చూడలేకపోవడాన్ని పట్టుకునేవి. అంటే స్కిజోఫ్రెనియా లాంటి జబ్బుల్లో కనిపించే లక్షణాలు. ఈ విషయంలో టెస్టు పనిచేస్తుందని గట్టి విమర్శకులు కూడా 2015లో ఒప్పుకున్నారు. హెరిసావు వార్డుల్లో రోర్షాక్ వెతికిందీ సరిగ్గా దీన్నే. తర్వాతివాళ్లు తగిలించిన చాలా గొప్పలు రాలిపోయాయి.

2009లో పది కార్డుల బొమ్మలూ వికీపీడియాలో ఉండటంపై సైకాలజిస్టులు పెద్ద గొడవే చేశారు. ముందే చూసి, జవాబులు చదివి వస్తే టెస్టు ఎందుకని వారి బాధ. 2013 నవంబర్ 8న రోర్షాక్ పుట్టినరోజుకు గూగుల్ డూడుల్ పెట్టింది.

మన దేశంలోనూ క్లినికల్ సైకాలజిస్టులు ట్రైనింగ్‌లో ఈ టెస్టు నేర్చుకుంటారు. కార్డులు చూపించడం, మనిషి చెప్పిన ప్రతి మాటా రాసుకోవడం, ఏది చూసి అలా అనిపించిందో మళ్లీ అడగడం, కోడ్ వేయడం.. దీనికి గంటలు పడుతుంది. అది కూడా ఇంటర్వ్యూ, కుటుంబ వివరాలు, మిగతా టెస్టులతో కలిపి చూడాల్సిందే. ఈసారి ఫోన్‌లో అర నిమిషం టెస్టు మీ గురించి ఏదైనా చెడుగా చెబితే భయపడాల్సిన పనిలేదు. నిజంగా మనసు బాగోలేదనిపిస్తే మాత్రం ఫోన్ పక్కన పెట్టి డాక్టర్‌ను కలవండి.