బీరూట్‌లో ఒకే ఇంట్లో

బతుకుదెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లిన మనవాళ్లు అక్కడి అరబ్బు ప్రొటెస్టెంటు విశ్వాసుల చేతుల్లో తరచు చూసే బైబిలు ఒకటుంది. 1865లో బీరూట్‌లో దాని ముద్రణ పూర్తయింది. ఆ అనువాదాన్ని ముగించిన కర్నీలియస్ వాన్ డైక్ అరబ్బు కాదు, అమెరికన్ డాక్టరు. 1818లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, ఫిలడెల్ఫియాలో వైద్యం చదివాడు. 1840లో మిషనరీగా బీరూట్‌లో ఓడ దిగేనాటికి ఆయనకు 21 ఏళ్లు.

మందు ఇవ్వాలన్నా ముందు రోగి బాధేమిటో తెలియాలి కదా! అరబ్బీలో గొంతు లోపలి నుంచి పలికే అక్షరాలున్నాయి. పైగా పుస్తకాల భాష వేరు, బజారు భాష వేరు. మొదటిదే నేర్చినవాడు కూరగాయలు బేరమాడలేడు, రెండోదానితో సరిపెట్టుకున్నవాడు పండితుల ముందు నోరు విప్పలేడు. గ్రాంథికం, వ్యావహారికం గొడవ చూసిన తెలుగువాళ్లకు ఈ కష్టం వేరే చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లో ఆయనకు బుట్రుస్ అల్ బుస్తానీ పరిచయమయ్యాడు. మరోనైట్ సంఘాన్ని విడిచి ప్రొటెస్టెంటు విశ్వాసంలోకి వచ్చి, మిషనరీల ఆశ్రయంలో ఉన్న యువకుడు. వాన్ డైక్ కంటే ఏడాది చిన్న. ఇద్దరూ బ్రహ్మచారులు. ఒకే ఇంట్లో కాపురం పెట్టారు. 1842లో వాన్ డైక్ పెళ్లయ్యేదాకా అలాగే ఉన్నారు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు పాఠానికి వేళేముంది? నిద్ర లేచింది మొదలు వినేదంతా అరబ్బీయే. భాషా పాఠశాలలు ఇవ్వలేనిది ఆయనకు ఆ స్నేహం ఇచ్చిందని నాకనిపిస్తుంది.

తర్వాత నాసిఫ్ అల్ యాజిజీ అనే కవి దగ్గర, అల్ అజ్హర్‌లో చదివిన ముస్లిం పండితుడు యూసుఫ్ అల్ అసీర్ దగ్గర కూర్చున్నాడు. గురువు ఏ మతస్థుడని చూడలేదు. పద్యాలు, సామెతలు కంఠస్థం చేశాడు. భూగోళం, బీజగణితం, రేఖాగణితం పాఠ్యపుస్తకాలను అరబ్బీలోనే రాశాడు.

1857లో బైబిలు అనువాదకుడు ఎలై స్మిత్ మరణించాడు. పని సగంలో ఆగింది. దాన్ని అప్పగించడానికి మిషన్‌కు వాన్ డైక్ కనిపించాడు. అప్పటికి ఆయన అరబ్బీ చదువుకు 17 ఏళ్లు. అయినా తన అరబ్బీని తాను నమ్ముకోలేదు. భాష సరిచూడటానికి అల్ అసీర్‌ను పెట్టుకున్నాడు. ప్రూఫులు స్థానిక పండితులకే కాక జర్మనీలోని నిపుణులకూ వెళ్లేవి. కొత్త నిబంధన 1860లో వెలువడింది, మొత్తం గ్రంథానికి మరో ఐదేళ్లు పట్టింది.

బుస్తానీ అరబ్బీ నిఘంటువు, విజ్ఞాన సర్వస్వం తయారుచేసి పేరు పొందాడు. 1883లో కన్నుమూశాడు. సమాధి కార్యక్రమంలో వాన్ డైక్‌ను మాట్లాడమన్నారు. అంత భాష నేర్చిన ఆ పెద్దాయనకు కన్నీళ్ల మధ్య మాట పెగల్లేదు. యౌవన కాలపు మిత్రుడా అని మాత్రం అనగలిగాడు.